రూట్స్ రెగే: జమైకా పేదవాడల పాటలో ఎవరి కథ వాళ్లకు ఎలా దొరికింది?

క్లుప్తంగా

రూట్స్ రెగే 1970ల మొదట్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో రూపు కట్టింది. దానికి మాటలు బైబిలు నుంచి, రస్తఫారీ విశ్వాసం నుంచి వచ్చాయి. ధ్వనేమో వీధుల్లో పెట్టే సౌండ్ సిస్టమ్‌ల నుంచి, చిన్న స్టూడియోల పొదుపు నుంచి వచ్చింది. ఈ సంగీతం ఖండాలు దాటడానికి ఒక గాయకుడి కీర్తి ఒక్కటే కారణం కాదు. దాని తాళంలో, రికార్డులో, కథలో కూడా బయటివాళ్లు వచ్చి చేరడానికి చోటు ఉంది. అయితే అలా చేరినవాళ్లు సంపాదించినంత, దాన్ని పుట్టించినవాళ్లు సంపాదించలేదు.

కాలేజీ కుర్రాళ్ల టీషర్టుల మీద, బైకు స్టిక్కర్ల మీద జడలు కట్టిన జుట్టుతో కనిపించే మనిషి బాబ్ మార్లీ. ఆ బొమ్మ పక్కన చాలాసార్లు గంజాయి ఆకు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చారలు ఉంటాయి. ఆయన పాట ఒక్కటీ వినని వాళ్లు కూడా ఆ ముఖాన్ని గుర్తుపడతారు. రెగే అంటే మత్తు, బీచ్, తీరుబడి అన్న అభిప్రాయం చాలావరకు ఆ బొమ్మ నుంచే వచ్చింది. మరోవైపు 2018 నవంబరులో యునెస్కో జమైకా రెగేను అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అన్యాయం, ప్రతిఘటన, ప్రేమ, మానవత్వం గురించి ప్రపంచంలో జరిగే చర్చకు ఈ సంగీతం ఎంతో ఇచ్చిందని చెప్పింది. 2024లో మార్లీ జీవితం మీద హాలీవుడ్ సినిమా వచ్చినప్పుడు ఈ రెండు అభిప్రాయాలూ మళ్లీ పక్కపక్కనే వినిపించాయి. ఒకే సంగీతానికి ఇంత దూరం దూరంగా రెండు ముఖాలు ఎలా వచ్చాయో తెలియాలంటే కింగ్‌స్టన్ నుంచే మొదలుపెట్టాలి.

స్కా నుంచి రూట్స్ దాకా

జమైకా జనాభా ఇప్పటికీ ముప్ఫై లక్షల లోపే. 1655 నుంచి బ్రిటిష్ పాలన, చెరకు తోటలు, ఆ తోటల కోసం ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు: ఇదీ ఆ దీవి చరిత్ర. బానిసత్వం పూర్తిగా పోయింది 1838లో. స్వాతంత్ర్యం వచ్చింది 1962 ఆగస్టు 6న.

పల్లెల్లో మెంటో అనే జానపద సంగీతం ఉండేది. 1950ల్లో అమెరికా రేడియో స్టేషన్ల నుంచి రిథమ్ అండ్ బ్లూస్ వినిపించింది. ఈ రెండూ కలిసి స్కా పుట్టింది. స్వాతంత్ర్య సంబరాలకు సరిగ్గా సరిపోయే పరుగు దానిది. 1966 ప్రాంతంలో వేగం తగ్గి రాక్‌స్టెడీ అయింది. 1968లో రెగే అన్న పేరు రికార్డుల మీదికి ఎక్కింది. అప్పటికి స్వాతంత్ర్యం మీద పెట్టుకున్న ఆశలు సన్నగిల్లాయి. పల్లెలు వదిలి కింగ్‌స్టన్‌కు చేరినవాళ్లకు ట్రెంచ్‌టౌన్ లాంటి వాడలే దక్కాయి, పని దక్కలేదు. పాటల్లో ప్రేమ తగ్గి ఆకలి, పోలీసులు, బానిసత్వపు జ్ఞాపకం, ఆఫ్రికా ముందుకు వచ్చాయి. ఈ శాఖకే రూట్స్ అని పేరు. దీని మంచి కాలం సుమారు పదేళ్లు, 1970ల మొదటి నుంచి 1981లో మార్లీ చనిపోయేదాకా.

మార్లీ ఒక్కడే కాదు. ఆయనతో మొదలై విడిపోయిన పీటర్ టాష్, బన్నీ వెయిలర్. నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ పేరునే ఆల్బమ్‌గా మార్చిన బర్నింగ్ స్పియర్. అబిసీనియన్స్, కల్చర్ లాంటి గాత్ర త్రయాలు. జమైకాలోపల వీళ్ల ప్రభావం మార్లీకి తీసిపోదు. 1977లో కల్చర్ బృందం పాట ఒకటి రెండు ఏడులు ఎదురుపడే రోజున ఉపద్రవం వస్తుందని చెప్పింది. ఆ ఏడాది జులై 7న, అంటే ఏడో నెల ఏడో తేదీన, కింగ్‌స్టన్‌లో చాలామంది ఇళ్లు దాటి బయటికి రాలేదు.

మొదటి దెబ్బ వదిలేసే తాళం

రెగే వినగానే గుర్తుపట్టడానికి కారణం దాని లయ. నాలుగు మాత్రల లెక్కలో చూస్తే రాక్ సంగీతంలో డ్రమ్మర్ మొదటి మాత్ర మీద పెద్ద డ్రమ్ముతో దెబ్బ వేస్తాడు. వినేవాడి కాలు అక్కడే పడుతుంది. రెగేలో వన్‌డ్రాప్ అనే పద్ధతిలో ఆ మొదటి మాత్ర ఖాళీ. పెద్ద డ్రమ్మూ, చిన్న డ్రమ్మూ కలిసి మూడో మాత్ర మీద ఒకేసారి పడతాయి. రెండు, నాలుగు మాత్రల మీద గిటార్ పొట్టిగా తెగ్గొట్టినట్టు మోగుతుంది. దాన్ని స్కాంక్ అంటారు. సమం మీద కాకుండా కాస్త ఆగి ఎత్తుకునే కీర్తనలు విన్న చెవికి ఇది మరీ వింతగా ఉండదు. కాకపోతే అక్కడ సమాన్ని వదిలేది గాయకుడు, ఇక్కడ డ్రమ్మరే వదిలేస్తాడు. దాంతో పాట కింద నేల కొద్దిగా కదిలినట్టు ఉంటుంది. వినేవాడి ఒళ్లు ఆ ఖాళీని తానే పూరించుకుంటుంది. తెలియని భాషలో ఉన్న పాటకు కూడా తల ఊగడానికి ఒక కారణం ఇదే.

రెండో సంగతి బాస్ గిటార్. చాలా సంగీతాల్లో బాస్ వెనకుండి బరువు మోస్తుంది. రూట్స్ రెగేలో రాగం నడిపేది అదే. గాయకుడు ఆగినా బాస్ వరస వింటే ఏ పాటో చెప్పేయవచ్చు. మార్లీ బృందంలో ఈ పని ఆస్టన్ బారెట్‌ది. వన్‌డ్రాప్‌ను అంత నిక్కచ్చిగా నిలబెట్టిన డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ ఆయన తమ్ముడు. బాస్‌కు ఇంత పెద్దపీట ఎందుకంటే ఈ సంగీతం ఇంట్లో రేడియో కోసం తయారైంది కాదు. ఆరుబయట, మనిషి ఎత్తు స్పీకర్ పెట్టెల ముందు వందలమంది నిలబడి వినడానికి తయారైంది. రికార్డు మార్కెట్లోకి వెళ్లకముందే డాన్స్‌లో వేసి చూసేవాళ్లు. జనం ఒళ్లు కదలకపోతే పాట మార్చేవాళ్లు.

ఈ లయ వెనక న్యాబింగీ డ్రమ్ములు ఉన్నాయి. రస్తఫారీ కూటాల్లో మూడు రకాల డ్రమ్ములు మోగుతాయి: ఒకటి లోతైన బాస్ డ్రమ్ము, రెండోది గుండె చప్పుడులా ఆగకుండా సాగే ఫుండే, మూడోది వాటి మీద ఆడుకునే రిపీటర్. తూర్పు కింగ్‌స్టన్‌లో కౌంట్ ఓసీ అనే డ్రమ్మర్ నడిపిన శిబిరానికి జాజ్ వాద్యకారులు వెళ్లి వాయించేవాళ్లు. అలా ఆ లయ స్టూడియోలకు చేరింది. అయితే రూట్స్ అంతా వన్‌డ్రాప్ అనుకోవడం పొరపాటు. 1970ల మధ్యకు డ్రమ్మర్ స్లై డన్‌బార్ లాంటివాళ్లు రాకర్స్ పద్ధతి తెచ్చారు. నాలుగు మాత్రల మీదా కవాతులా దెబ్బ పడే స్టెపర్స్ పద్ధతీ వచ్చింది.

ఇథియోపియా రాజు జమైకాలో దేవుడెలా అయ్యాడు

పాటల మాటలు అర్థం కావాలంటే రస్తఫారీ కథ తెలియాలి. జమైకాలో పుట్టిన మార్కస్ గార్వీ 1914లో నల్లజాతివాళ్ల సంఘం ఒకటి పెట్టి, అమెరికా వెళ్లి, ఆఫ్రికాకు తిరిగి వెళ్దామన్న పిలుపుతో లక్షలమందిని కదిలించాడు. ఓడల కంపెనీ కూడా పెట్టాడు, అది దివాలా తీసింది. ఆఫ్రికాలో నల్లరాజు పట్టాభిషేకం జరుగుతుంది, అటు చూడండి అని గార్వీ చెప్పాడని రస్తాల, అంటే రస్తఫారీ విశ్వాసుల, నమ్మకం. 1930 నవంబరు 2న ఇథియోపియాలో రస్ తఫారీ అనే రాకుమారుడు హైలే సెలాసీ పేరుతో చక్రవర్తి అయ్యాడు. రాజాధిరాజు, యూదా గోత్రపు సింహం అన్న బిరుదులు ఆయనకు ఉన్నాయి. ఇవి బైబిలు ప్రకటన గ్రంథంలో కనిపించే మాటలే. 1896లో అడ్వా దగ్గర ఇటలీని ఓడించిన దేశం ఇథియోపియా. వలసపాలన కింద ఉన్న జమైకా పేదలకు ఇంతకంటే రుజువేం కావాలి?

లెనార్డ్ హోవెల్ లాంటి బోధకులు ఆ చక్రవర్తినే దేవుడని ప్రచారం చేశారు. హోవెల్ 1940లో పినాకిల్ అనే కొండమీద వందల కుటుంబాలతో ఒక ఊరు కట్టాడు. పోలీసులు పదేపదే దాడి చేసి 1954లో దాన్ని చెదరగొట్టారు. 1963 ఏప్రిల్‌లో మాంటిగో బే దగ్గర కోరల్ గార్డెన్స్‌లో భూమి తగాదా మీద మొదలైన ఘర్షణలో ఎనిమిదిమంది చనిపోయారు. ఆ తర్వాత దేశమంతటా రస్తాలను పట్టుకుని కొట్టారు, జడలు కత్తిరించారు. దానికి జమైకా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. రూట్స్ పాటల్లో పోలీసులంటే అంత కోపం ఎందుకో ఈ యాభై నాలుగేళ్ల ఎడం చెబుతుంది.

1966 ఏప్రిల్ 21న సెలాసీ స్వయంగా కింగ్‌స్టన్ వచ్చాడు. లక్షమందికి పైగా విమానాశ్రయంలోకి తోసుకువచ్చారు. చక్రవర్తి చాలాసేపు విమానం దిగలేకపోయాడు. చివరికి మార్టిమర్ ప్లానో అనే రస్తా పెద్ద జనానికి సర్దిచెప్పి దింపాడు. అప్పటిదాకా రస్తాలను పిచ్చివాళ్లుగా చూసిన సమాజం మొదటిసారి వాళ్లను అధికారుల పక్కన చూసింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో చాలామంది గాయకులు జడలు పెంచడం, ఇథియోపియాను పాడడం కాకతాళీయం కాదు.

ఇందులో ఇబ్బంది కలిగించే సంగతులూ ఉన్నాయి. గార్వీ 1937లో సెలాసీని గట్టిగా విమర్శించాడు. సెలాసీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు, తాను దేవుణ్ణని చెప్పుకోలేదు. 1974లో కరవు, సైనిక తిరుగుబాటు మధ్య ఆయన గద్దె దిగాడు. చాలామంది ఇథియోపియన్లకు ఆయన ఒక పాత రాజు మాత్రమే. రస్తఫారీ కూటాల్లో ఆడవాళ్లకు చోటు తక్కువ. జూడీ మోవాట్ లాంటి గాయని తన పాటల్లో నల్లజాతి స్త్రీ కష్టాన్ని చెప్పుకోవాల్సి వచ్చింది కూడా అందుకే. అయినా ఈ విశ్వాసం ఇచ్చిన కథ మాత్రం బలమైనది. మనల్ని చెరపట్టిన వ్యవస్థ బబులోను, మనం చేరాల్సిన చోటు సీయోను. తెలుగు బైబిలు చదివేవారికి ఇవి కొత్త మాటలు కావు. రస్తాలు వాటిని పాతకాలపు యూదుల చెర నుంచి తీసి పోలీసు స్టేషన్‌కు, బ్యాంకుకు, చెరకు తోటకు తగిలించారు. ఒకసారి అలా తగిలించాక, ఎవరి బబులోనును వాళ్లు అందులో పెట్టుకోవచ్చు.

గంజాయి మాట ఎక్కడిది

ఈ కథలో మనవాళ్లకు నిజంగా సంబంధం ఉన్న ముక్క ఇది. బానిసత్వం పోయాక తోటల్లో పనికి బ్రిటిష్‌వాళ్లు 1845 నుంచి భారతీయ కూలీలను ఒప్పందం మీద జమైకాకు తీసుకెళ్లారు. 1910ల దాకా కలకత్తా, మద్రాసు రేవుల నుంచి వెళ్లినవాళ్లు సుమారు 36 వేలమంది. గంజాయి మొక్క, ఆ పేరు, చిలుం వాడకం వాళ్లతోనే వెళ్లాయి. జమైకా చట్టాల్లో కూడా అది 'గాంజా'యే. 1913లోనే నిషేధించారు. హోవెల్ తనకు పెట్టుకున్న పేర్లలో ఒకటి భారతీయ ధ్వని ఉన్న గంగున్‌గురు మరాగ్.

జడలు కూడా సాధువుల నుంచి వచ్చాయా అన్నది పండితులు తేల్చని విషయం. కొందరు అవునంటారు; కొందరు కెన్యా తిరుగుబాటుదారుల ఫోటోలను చూపుతారు; రస్తాలు తామైతే జుట్టు కత్తిరించకూడదనే బైబిల్లోని నాజీరు వ్రతాన్ని చూపుతారు. గంజాయి వాళ్లకు ధ్యానంలో, కూటంలో వాడే ప్రసాదం లాంటిది, అందరు రస్తాలూ అందరు రెగే గాయకులూ వాడేది కాదు. జమైకాలో తమను తాము రస్తాలుగా చెప్పుకునేవాళ్లు జనాభాలో ఒక శాతం చుట్టుపక్కలే. 2015లో ఆ దేశం చట్టం సవరించి రెండు ఔన్సుల దాకా దగ్గర ఉంచుకోవడాన్ని చిన్న తప్పుగా మార్చింది, రస్తాలకు ఆరాధన కోసం మినహాయింపు ఇచ్చింది. భారత్‌లో అలాంటి మినహాయింపు లేదు. టీషర్టు మీది ఆకు ఈ నేపథ్యమంతా తీసేసి మత్తు ఒక్కటే మిగిల్చింది.

పార్టీలు, తుపాకులు, పాటలు

పాటకూ రాజకీయానికీ జమైకాలో ఉన్నంత దగ్గరితనం అరుదు. 1972 ఎన్నికల్లో ప్రతిపక్ష నాయకుడు మైకేల్ మాన్లీ రెగే గాయకులను వెంటబెట్టుకుని తిరిగాడు, సెలాసీ ఇచ్చిన చేతికర్రను సభల్లో ఎత్తి చూపాడు, గెలిచాడు. 1974 నుంచి ప్రత్యర్థి పార్టీకి నాయకుడైన ఎడ్వర్డ్ సియాగా అంతకుముందు రికార్డుల కంపెనీ నడిపిన నిర్మాత. వాడలు రెండు పార్టీల మధ్య చీలిపోయాయి. ఇళ్లు, పనులు పార్టీ చూసి దక్కేవి, వాటి వెనకే తుపాకులూ వచ్చాయి.

1976 డిసెంబరు 3న ముష్కరులు మార్లీ ఇంట్లో చొరబడి కాల్చారు. రెండు రోజుల తర్వాత ఆయన కట్టుతోనే కచేరీ చేసి, దేశం విడిచి లండన్ వెళ్లాడు. 1978 ఏప్రిల్ 22న తిరిగి వచ్చి, శాంతి కచేరీలో మాన్లీ, సియాగాల చేతులు తన తల మీదుగా కలిపాడు. ఆ ఫోటోను ఇప్పటికీ సంగీతం సాధించిన విజయంగా చూపుతుంటారు. లెక్క మాత్రం వేరు. ఆ శాంతి ఒప్పందం కుదిర్చిన రెండు ముఠాల నాయకులూ రెండేళ్లు తిరక్కుండా హతమయ్యారు. 1980 ఎన్నికల ఏడాదిలో చనిపోయినవాళ్లు సుమారు 800 మంది. అదే కచేరీలో పీటర్ టాష్ నాయకులను ముఖం మీదే తిట్టాడు. కొన్ని నెలలకు పోలీసులు ఆయన్ను తీవ్రంగా కొట్టారు. పాట హింసను ఆపలేదు. ఆ హింసను వాడల వైపు నుంచి చెప్పింది, అంతే. ఆ పని అప్పట్లో పత్రికలు అంతగా చేయలేదు.

రికార్డు రెండో వైపు

రెగే ప్రపంచానికి ఇచ్చినవాటిలో అన్నిటికంటే దూరం వెళ్లింది బహుశా పాట కాదు, పాట తయారుచేసే పద్ధతి. కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్ లాంటివాళ్లు 1950ల్లో సౌండ్ సిస్టమ్ యజమానులుగా మొదలై తర్వాత స్టూడియోలు పెట్టారు. 1960ల చివర ఒకసారి పొరపాటున గాత్రం లేకుండా చెక్కిన డిస్కును డాన్స్‌లో వేస్తే జనమే పాట పాడేశారని చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ తర్వాత రికార్డు ఒకవైపు పాట, రెండో వైపు దాని వాద్యరూపం వేయడం మామూలైంది. దాన్నే వెర్షన్ అన్నారు. డబ్బు కలిసొచ్చింది: రెండో పాటకు వాద్యకారులకు మళ్లీ కూలి ఇవ్వక్కర్లేదు. ఒకసారి వాయించిన బాస్, డ్రమ్ముల వరసను రిడిమ్ అంటారు; దాని మీద పదిమంది పది పాటలు పాడవచ్చు. డాడ్ పెట్టిన స్టూడియో వన్‌లో 1960ల చివర తయారైన రియల్ రాక్ అనే రిడిమ్ మీద వచ్చిన పాటలు వందల్లో ఉంటాయి.

ఖాళీ వెర్షన్ మీద మైకు పట్టుకుని లయగా మాట్లాడేవాళ్లను అక్కడ డీజే అంటారు. యూ-రాయ్ 1970లో ఆ మాటలనే రికార్డు చేసి జమైకా పాటల పట్టికలో మొదటి స్థానాలు ఆక్రమించాడు. ఇంకోవైపు కింగ్ టబ్బీ. ఆయన వృత్తి యాంప్లిఫయర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేయడం. పాత నాలుగు ట్రాకుల మిక్సర్‌తో గాత్రాన్ని ఉన్నట్టుండి తీసేసి, డ్రమ్ముకు ప్రతిధ్వని తగిలించి, బాస్‌ను ఒంటరిగా వదిలి, అదే పాటను వేరే పాటగా మార్చేవాడు. లీ పెర్రీ తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో ఇలాంటి పనే ఇంకా విపరీతంగా చేశాడు. దీనికి డబ్ అని పేరు. మిక్సింగ్ బల్ల ముందు కూర్చున్న టెక్నీషియన్ కళాకారుడు కావచ్చన్న ఆలోచన ఇంత స్పష్టంగా కనబడింది ఇక్కడే.

కింగ్‌స్టన్‌లో పుట్టి 1967లో న్యూయార్క్ వెళ్లిన క్లైవ్ క్యాంప్‌బెల్, అంటే డీజే కూల్ హెర్క్, 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో ఒక పార్టీలో రికార్డులు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజు అదేనని లెక్కిస్తారు. అక్కడి కుర్రాళ్లకు రెగే పట్టలేదు, కాబట్టి ఆయన ఫంక్ వేశాడు. పెద్ద స్పీకర్లు, మైకు మీద మాటలు, వాద్యభాగాన్ని సాగదీయడం మాత్రం జమైకావే. లండన్‌లో జంగిల్, డబ్‌స్టెప్, బ్రిస్టల్‌లో ట్రిప్‌హాప్ కూడా ఆ బాస్ పిల్లలే. బారాత్‌ల్లో మోగే డీజే రీమిక్స్‌కు అమెరికా డిస్కో సహా చాలా మూలాలు ఉన్నాయి. వాటిలో ఒకటి కింగ్‌స్టన్ రికార్డు రెండో వైపు.

ఎవరి బబులోను వాళ్లది

1973లో ఐలాండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ మార్లీ బృందమైన వెయిలర్స్ టేపులను లండన్ తెప్పించి, రాక్ గిటార్, కీబోర్డు కలిపించి, తెల్లవాళ్ల రాక్ ఆల్బమ్‌లా మార్కెట్లో పెట్టాడు. మరుసటి ఏడాది మార్లీ పాట ఒకదాన్ని ఎరిక్ క్లాప్టన్ పాడితే అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. 1976లో అదే క్లాప్టన్ బర్మింగ్‌హామ్ వేదిక మీద వలసదారులకు వ్యతిరేకంగా మాట్లాడాడు. దానికి జవాబుగానే రాక్ అగైనెస్ట్ రేసిజం ఉద్యమం మొదలైంది. ఒకే వేదిక మీద తెల్ల పంక్ బృందాలు, నల్ల రెగే బృందాలు వాయించడం దాని పద్ధతి. కరీబియన్ వలసల పిల్లలకు అప్పటికి పోలీసు తనిఖీలు రోజువారీ సంగతి. నిరుద్యోగ తెల్ల యువతకు వ్యవస్థ మీద మంట. బర్మింగ్‌హామ్ హ్యాండ్స్‌వర్త్ నుంచి స్టీల్ పల్స్ వచ్చింది. లింటన్ క్వేసీ జాన్సన్ జమైకా యాసలో రాసిన కవితలను డబ్ మీద చదివాడు. అదే హ్యాండ్స్‌వర్త్‌లో పంజాబీ ఇంట్లో పుట్టిన స్టీవెన్ కపూర్ తర్వాత అపాచీ ఇండియన్ అయ్యాడు.

ఆఫ్రికాలో అర్థం మారింది. అక్కడ సీయోను కలగనాల్సిన చోటు కాదు, కాళ్ల కింద ఉన్న నేలే. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకలో మార్లీ పాడుతుంటే స్టేడియం బయట ఉండిపోయిన జనం గేట్లు తోసుకుని వచ్చారు, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. ఐవరీ కోస్ట్‌లో ఆల్ఫా బ్లాండీ జులా భాషలో, ఫ్రెంచిలో పోలీసుల దౌర్జన్యం మీద పాడాడు. దక్షిణాఫ్రికాలో జులూ పాటలతో పేరు తెచ్చుకున్న లక్కీ డూబే 1984లో రెగేకు మారాడు, ఆయన తొలి రెగే రికార్డును వర్ణవివక్ష ప్రభుత్వం నిషేధించింది. ఆఫ్రికన్ నాయకుల అవినీతే కొత్త బబులోను అని తర్వాతి తరం పాడింది.

1979లో మార్లీ పర్యటన తర్వాత న్యూజిలాండ్ మావోరీలు, ఆస్ట్రేలియా ఆదివాసులు తమ భూమి పోరాటానికి ఇదే లయ తీసుకున్నారు. బ్రెజిల్ ఈశాన్యాన సావో లూయిస్ నగరంలో గోడలా పేర్చిన స్పీకర్ల ముందు జనం జంటలుగా రెగేకు నాట్యం చేస్తారు. ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోతే పాటలకు తమ సొంత పేర్లు పెట్టుకుంటారు. అదే దేశంలో సాల్వడార్ వీధి డ్రమ్మర్లు సాంబాను రెగేతో కలిపారు. భారత్‌లో ఢిల్లీ కేంద్రంగా ఒక చిన్న బృందం చేతితో కట్టిన సౌండ్ సిస్టమ్ నడిపింది, గోవాలో ఉత్సవాలు జరిగాయి. తెలుగు సినిమా పాటల్లో ఆ గిటార్ ఊపు అప్పుడప్పుడు వినిపిస్తుంది, ఎక్కువగా హుషారు పాటల్లో. ఆ ఊపు మాత్రమే వచ్చింది, విషయం రాలేదు.

మెత్తబడిన పాట, చేతికి రాని డబ్బు

బయటివాళ్లు చేరే కొద్దీ పాట మెత్తబడింది. మెలోడియన్స్ అనే జమైకా బృందం 1970లో బైబిల్లోని 137వ కీర్తనను రస్తా ప్రార్థనగా పాడింది. ప్రభువు పేరున్న చోట సెలాసీని సూచించే మాటలు పెట్టింది. 1978లో బోనీ ఎం బృందం అదే పాటను డిస్కో ఊపులో పాడినప్పుడు ఆ మాటలు పోయి మళ్లీ ప్రభువు వచ్చాడు. అది బ్రిటన్ చరిత్రలో ఎక్కువగా అమ్ముడైన పాటల్లో ఒకటి. మార్లీ చనిపోయిన మూడేళ్లకు, 1984లో వచ్చిన సంకలనం రెండున్నర కోట్లకు పైగా అమ్ముడైంది. అందులో ప్రేమ, ఓదార్పు పాటలదే పైచేయి; బానిసత్వం, ఆఫ్రికా విముక్తి మీద ఆయన రాసిన కటువైన పాటలు చాలావరకు లేవు. ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసిన మార్లీ ఆ సంకలనంలోని మార్లీ. టీషర్టు బొమ్మ వెనక ఉన్నది కూడా ఆయనే.

జమైకాలో ఈలోగా కాలం మారింది. 1985లో ఒక చవక కాసియో కీబోర్డులో ముందే ఉన్న లయతో, బ్యాండు అక్కర్లేకుండా ఒక పాట వచ్చి డాన్స్‌హాల్ అనే జమైకా సంగీతాన్ని డిజిటల్ బాట పట్టించింది. ఆ కీబోర్డు లయను రూపొందించిన జపాన్ ఇంజనీరు ఒకుడా హిరోకో స్వయంగా రెగే అభిమాని. రూట్స్ అడపాదడపా తిరిగి వస్తూనే ఉంది. 2020లో కాఫీ అనే యువ గాయని రెగే విభాగంలో గ్రామీ గెలిచింది, ఆ విభాగంలో ఒంటరిగా గెలిచిన తొలి మహిళ ఆమె. పాత తరం మాత్రం వేగంగా వెళ్లిపోయింది: 2020, 2021ల్లో టూట్స్ హిబర్ట్, యూ-రాయ్, బన్నీ వెయిలర్, లీ పెర్రీ, 2024లో ఆస్టన్ బారెట్.

డబ్బు సంగతి ఆ బారెట్ కథలోనే తెలుస్తుంది. పాటల్లో తన వాటా కింద ఆరు కోట్ల పౌండ్లు రావాలని ఆయన లండన్ కోర్టుకు వెళ్లాడు. 1990ల్లో చేసుకున్న రాజీతో హక్కులు వదులుకున్నట్టేనని 2006లో కోర్టు కేసు కొట్టేసింది. వేరే వాద్యకారుల పరిస్థితి ఇంతకంటే పలచన. కింగ్‌స్టన్ స్టూడియోల్లో పాటకు ఇంతని చేతిలో పెట్టి పంపేవాళ్లు. ఒప్పందాలు ఉంటే ఉండేవి, లేకపోతే లేదు. 1993 దాకా అక్కడ నడిచింది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టమే. రిడిమ్‌ను పదిమంది వాడుకోవడం ఈ సంగీతానికి ప్రాణం పోసింది. మొదట దాన్ని వాయించినవాడికి ఆ పదిసార్లలో ఒక్కసారి కూడా లెక్క రాలేదు.

2015లో జమైకా కాపీరైట్ రక్షణను 50 ఏళ్ల నుంచి 95 ఏళ్లకు పెంచింది. 1962 నాటి రికార్డులు హక్కుల పరిధి నుంచి జారిపోతున్నాయన్న భయమే దానికి కారణం. పేపరు మీద ఇది కళాకారులకు మేలు. కానీ పాత రికార్డుల అసలు హక్కులు చాలావరకు స్టూడియో యజమానుల వారసుల దగ్గర, విదేశీ కంపెనీల దగ్గర ఉన్నాయి. పెరిగిన 45 ఏళ్లూ ముందు చేరేది వాళ్లకే. వాయించినవాళ్ల పేర్లు స్టూడియో లెక్కల్లో ఎక్కడైనా దొరికితే, వాళ్ల పిల్లలు అక్కడి నుంచి కేసు మొదలుపెట్టుకోవాలి.